గేటుకొయ్య మీద తేనెటీగలు

మా ఇంటికీ మా వియ్యపురాలి ఇంటికీ మధ్య ఏడిళ్ళూ ఒక గేటూ ఉన్నాయి. గేటుకు ఇటు మూడిళ్ళు మా దేశం, అటు నాలుగిళ్ళు వాళ్ళ దేశం. అమ్మాయిని అత్తారింటికి పంపిన రోజున నాకు తీరిగ్గా ఏడ్చే యోగం కూడా లేకపోయింది. ముక్కు తుడుచుకునేలోపు గేటొచ్చేసింది, పాసు చూపించమన్నారు. ఏడుస్తున్న నా మొహానికీ పాసులో ఉన్న ఫోటోకూ పోలిక కుదరలేదని మా గేటు కాపలాదారు నన్ను రెండు నిమిషాలు నిలబెట్టాడు. ఆయనకు మేం పెట్టుకున్న పేరు రూళ్ళకర్ర. పుస్తకంలో రాసి లేకపోతే తుమ్ము కూడా ఆపుకునే రకం.

పాసున్నవాళ్ళు పొద్దున ఆరింటి నుంచి సాయంత్రం ఆరింటిదాకా ఎన్నిసార్లయినా అటూ ఇటూ తిరగొచ్చు. ప్రాణమున్న జంతువు మాత్రం కాగితం లేకుండా దాటకూడదు. కోడి అయినా, కుక్క అయినా పశువుల డాక్టరు సంతకం కావాలి. ఆయన నెలకోసారి వస్తాడు, వచ్చిన రోజున పెన్ను మరిచిపోతాడు.

మా ఊరికి ఇంకో అలవాటుంది. ఇక్కడ ఎవరి మాట వాళ్ళు చెప్పుకుంటే చెల్లదు. మా బస్తాలను అటువాళ్ళు తూస్తారు, వాళ్ళ బస్తాలను మేం తూస్తాం. పొలం గట్టు తగాదా వస్తే మా గట్టును వాళ్ళు కొలుస్తారు, వాళ్ళ గట్టును మేం కొలుస్తాం. ఎదుటివాళ్ళు ఒప్పుకుంటేనే నిజం, లేకపోతే అది ఉత్త కబురు. తాతల నాటి నుంచీ ఇంతే.

ఇక నా సంగతి. నేను తేనెటీగల్ని పెంచుతాను. పెట్టెలన్నీ మా ఆయన తన చేత్తో చేసినవి, మొత్తం అయిదు. ఆయన పోయాక ముసుగూ, ఈగలు నెమ్మదించడానికి పొగ ఊదే పొగడబ్బా నా చేతికొచ్చాయి. కోపిష్టివాళ్ళంటే ఈగలకు పడదంటారు. అంతా అబద్ధం. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, అయినా నన్ను కుట్టినవాటిని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఈవిడ అరుస్తుందే గానీ కొట్టదని వాటికి తెలుసు. మా అమ్మాయికి తెలియడానికే ఇరవయ్యేళ్ళు పట్టింది.

పోయిన వానాకాలం తేమకు నాలుగు పెట్టెలు తుడిచిపెట్టుకుపోయాయి. ఒక్కటి మిగిలింది. ఒక కన్ను కన్నూ కాదు, ఒక కొడుకు కొడుకూ కాదన్నారు పెద్దలు. ఒక పెట్టె పెట్టే కాదు. వచ్చే వానలకు అదీ పోయిందంటే మా ఇంట్లో ఇక ఈగ అన్నది ఉండదు, వంటింట్లో తిరిగేవి తప్ప. ఖాళీ అయిన నాలుగింటిలో ఒకటి మా ఆయన చివరి ఏడాది చేసింది. మూత వేస్తే చప్పుడు కాదు, అంత బాగా కుదిరింది. దాన్ని కడిగి, ఎండలో ఆరబెట్టి, లోపల మైనం రాసి సిద్ధంగా ఉంచాను. వారానికోసారి మళ్ళీ తీసి మళ్ళీ తుడుస్తాను. ఆయన పోయినప్పుడు ఏడ్చాను, ఊరుకున్నాను. కానీ ఆ పెట్టె ఖాళీగా ఉండటం మాత్రం ఇప్పటికీ చూడలేను.

మా వియ్యపురాలికి పది పెట్టెలు. పది! ఆవిడ నోరు మనిషికన్నా ముందు గేటు దాటుతుంది, దానికి పాసు అక్కర్లేదు. మొన్న పూత మొదలైన రోజుల్లో గేటు దగ్గర నలుగురిలో అననే అంది.

"వదినగారూ, ఒక్క పెట్టెకి అంత పొగడబ్బా దేనికండీ? అగ్గిపుల్ల గీసి ఊదితే సరిపోదూ?"

అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. మండితే నోరు ఊరుకుంటుందా?

"ఈ పూత అయిపోయేలోపు నాకు రెండో పెట్టె నిండకపోతే, ఈ పొగడబ్బా మీకే ఇచ్చేస్తాను. ఇక జన్మలో ఈగల పేరెత్తను. చాలా?"

మాట బయటికొచ్చాక నాలుక కరుచుకున్నాను. ఏం లాభం? ఆ దిక్కుమాలిన రూళ్ళకర్ర అప్పటికే పుస్తకంలో రాసేసుకున్నాడు. 'నోటి మాట, సాక్షులు నలుగురు.' ఆ పొగడబ్బా మా ఆయనది. దాని పిడికి ఆయన చుట్టిన తాడు ఇంకా అలాగే ఉంది.

పూత ఇంకో పది రోజుల్లో అయిపోతుందనగా, ఒక రోజు పొద్దున పదింటివేళ ముందు వాకిట్లో బట్టలు ఆరేస్తున్నాను. నెత్తి మీద హోరు వినిపించింది. తలెత్తి చూద్దును కదా, మా ఇంటి కప్పు మీదుగా ఈగల మబ్బు! పెట్టెలో జనం ఎక్కువైతే పాత రాణి సగం మందిని వెంటేసుకుని కొత్త ఇల్లు వెతుక్కుంటూ లేస్తుంది. దారిలో ఎక్కడో ఒక చోట కాసేపు గుత్తిగా వేలాడుతుంది. అప్పుడు పట్టి ఖాళీ పెట్టెలో వేసుకున్నవాళ్ళదే అదృష్టం. మా వైపయినా అటువైపయినా పద్ధతి ఒక్కటే, పళ్ళెం మోగిస్తూ వెంటపడ్డవాళ్ళదే గుంపు.

బట్టలు బురదలో పడితే పడ్డాయి. పళ్ళెం, గరిటె అందుకుని వీధిలో పడ్డాను. ఒక కాలికి చెప్పుంది, రెండో కాలికి లేదు. ఢణఢణా వాయించుకుంటూ పరిగెత్తాను. ఈ వయసులో నేనంత పరిగెత్తగలనని నాకే తెలియదు.

గుంపు మూడిళ్ళు దాటి, ఇంకెక్కడా చోటు లేనట్టు, వెళ్ళి వెళ్ళి గేటుకొయ్య మీద వాలింది. కొయ్య మొదలు మా వైపు స్తంభానికి ఇరుసుతో బిగించి ఉంటుంది. కొస అటువైపు కొక్కెంలో దిగుతుంది. దేశాల గీత సరిగ్గా నడిమధ్యన. గుంపు ఆ నడిమధ్యనే పట్టుకుని గుమ్మడికాయంత గుత్తిగా వేలాడింది. అటు పాల వ్యాను ఆగిపోయింది, ఇటు పరుపుల లారీ ఆగిపోయింది.

"నావే! నావే!" అని అరుస్తూ వెళ్ళి నిలబడ్డాను.

అప్పుడే అటునుంచి ఇంకో పళ్ళెం చప్పుడు. మా వియ్యపురాలు! జుట్టు ఊడిపోయి, చేతిలో పళ్ళెం బదులు పెద్ద మూకుడు పట్టుకుని, రొప్పుకుంటూ వచ్చింది. వెనకాల మా అమ్మాయి.

"ఆగండి వదినగారూ! అవి మావి. మా పెరట్లోంచే లేచి, ఒక చుట్టు తిరిగొచ్చాయి."

"మీకు పది పెట్టెలున్నాయి కదా అని ఆకాశంలో ఎగిరేవన్నీ మీవేనా? మా ఇంటి కప్పు మీంచి వచ్చాయి. నా కళ్ళతో చూశాను."

"కప్పు మీంచి కాకులు కూడా వస్తాయి. అవీ మీవేనా?"

మా అమ్మాయి నా మొహం ఒకసారి, వాళ్ళత్త మొహం ఒకసారి చూసింది. అడకత్తెరలో పోకచెక్క అంటే అదే.

రూళ్ళకర్ర పుస్తకం తెరిచాడు. "గొడవొద్దు. ఎవరివో తేలేదాకా గేటు ఎత్తేది లేదు. జంతువు గీత మీద ఉంది. పశువుల ఫారం నింపాలి." పెన్ను విదిలించాడు. "మొత్తం ఎన్ని?"

"ఇరవై వేలు ఉండొచ్చు," అన్నాను. "అనుమానమైతే దగ్గరికెళ్ళి లెక్కపెట్టుకో."

"రంగు?"

"కనపట్లేదా?"

"కొమ్ములున్నాయా?"

"వెనకాల ఉన్నాయి," అంది మా వియ్యపురాలు. "చెయ్యి పెట్టి చూడు నాయనా."

"ఆడా, మగా?"

"అందరూ ఆడవాళ్ళే. అందుకే ఇంత క్రమశిక్షణగా వేలాడుతున్నాయి," అన్నాను. వియ్యపురాలు ఫక్కున నవ్వింది. నాకూ నవ్వొచ్చింది గానీ, పగవాళ్ళతో కలిసి నవ్వకూడదని పళ్ళు బిగబట్టుకున్నాను.

"ఎవరివో తేలాలంటే పిండి పరీక్ష ఉందిగా," అంది మా అమ్మాయి.

ఆ మాటకు ఇద్దరం పళ్ళెం, మూకుడు కిందికి దించాం. గుంపులోంచి ఒక గ్లాసెడు ఈగల్ని తీసి, వాటి మీద గోధుమపిండి జల్లి, దూరంగా తీసుకెళ్ళి వదిలేస్తే, అవి గుంపు దగ్గరికి రావు. లేచొచ్చిన పుట్టింటికే తిరిగి వెళ్తాయి. తెల్లటి ఈగలు ఏ పెట్టెలో దూరితే గుంపు ఆ పెట్టెవాళ్ళది. మా మామగారి కాలం నుంచీ తగాదాలు ఇలాగే తీరుతున్నాయి.

"మరి చూసేదెవరు?" అన్నాడు రూళ్ళకర్ర. ఆయనకూ తెలుసు, అయినా అడగాలి. ఊరి పద్ధతే. నేను వెళ్ళి వాళ్ళ పెరట్లో కూర్చోవాలి, ఆవిడ వచ్చి మా పెరట్లో కూర్చోవాలి. వాళ్ళ పెట్టెల్లోకి వచ్చాయని నేను చెప్పాలి, మా పెట్టెలోకి వచ్చాయని ఆవిడ చెప్పాలి. "ఎటూ రాలేదంటే మాత్రం, ముందు ఎవరు పళ్ళెం మోగిస్తూ వచ్చారో వాళ్ళదే," అని తేల్చాడు. ముందొచ్చింది నేనే. పాల వ్యానతను సాక్షి.

మా అమ్మాయి వాళ్ళింట్లోంచి గిన్నెడు పిండి తెచ్చింది. నేనే గ్లాసు పెట్టి ఈగల్ని జాగ్రత్తగా తీశాను, వియ్యపురాలు పిండి జల్లింది. అవి బిత్తరపోయి, తెల్లగా మారిపోయాయి. వీధి చివర మైదానంలో వదిలి వస్తానని అమ్మాయి మూతపెట్టిన గ్లాసు పట్టుకెళ్ళింది. వియ్యపురాలు మిగిలిన పిండిగిన్నెను చంకన పెట్టుకుంది.

"అదెందుకండీ మోసుకెళ్ళడం?" అన్నాను.

"ఇక్కడ వదిలేస్తే మీ రూళ్ళకర్ర దానికో ఫారం రాస్తాడు," అని గేటు కింది నుంచి దూరి మా వైపు వచ్చేసింది. నేను అటు దూరాను. ఇద్దరం పాసులు చూపించాం. గేటు కింద దూరేటప్పుడు కూడా చూపించాలట.

వాళ్ళ పెరట్లో పీట వేసుకుని కూర్చున్నాను. పది పెట్టెలూ నీలం రంగేసి వరసగా ఉన్నాయి. ఒక్కొక్క పెట్టె ముందూ ఈగలు వాలడానికి చిన్న పలక ఉంటుంది, దాన్ని గుమ్మం పలక అంటాం. పది గుమ్మాలూ సంతలా ఉన్నాయి. నా కళ్ళలో నిప్పులు పోసుకున్నానని ఎవరైనా అంటే కాదనను. పది పెట్టెల మనిషికి పదకొండోది లేకపోతే కొంపేమన్నా మునుగుతుందా?

కాసేపటికి ఒక ఈగ వచ్చింది. తెల్లగా ఉంది. తూలుకుంటూ మూడో పెట్టె గుమ్మం పలక మీద వాలింది. కాపలా ఈగలు చుట్టూ మూగి, వాసన చూసి, ఇంట్లో పిల్లేనని లోపలికి పంపించాయి. తర్వాత ఇంకోటి. తర్వాత రెండు కలిసి. అన్నీ మూడో పెట్టెలోకే. ఏడు ఈగల దాకా లెక్కపెట్టి మానేశాను.

సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ క్షణాన నేను చేసిన మొదటి పని వెనక్కి తిరిగి చూడటం. పెరట్లో ఎవరూ లేరు. అమ్మాయి మైదానం నుంచి ఇంకా రాలేదు. చూసింది నేనొక్కదాన్నే. రాలేదని చెబితే అయిపోయె. మా ఇంటి దగ్గర వియ్యపురాలికి ఎలాగూ ఏమీ కనపడదు. ముందొచ్చింది నేను కాబట్టి గుంపు నాదే. ఆయన పెట్టె నిండుతుంది, పొగడబ్బా ఇంట్లోనే ఉంటుంది.

గేటు దాకా ఉన్న నాలుగిళ్ళ దూరంలో ఆ అబద్ధాన్ని పదిసార్లు నోట్లో తిప్పుకున్నాను. 'రాలేదండీ.' మూడే మూడు అక్షరాలు, వెనకాల ఒక మర్యాద. ఎంతమంది ఎన్ని అబద్ధాలాడి సుఖంగా నిద్రపోవడం లేదు?

గేటు దగ్గర నేను నోరు తెరిచేలోపు, ఎదురుగా వస్తున్న మా వియ్యపురాలు దూరం నుంచే కేకేసింది.

"మీవే వదినగారూ! వచ్చాయి, మీ పెట్టెలోకే. తెల్లగా, ముద్దుగా, నాలుగైదు. కళ్ళారా చూశాను."

ఒక గ్లాసు ఈగలు రెండిళ్ళకు ఎలా వెళ్తాయి? అబద్ధాన్ని నేను సిద్ధం చేసుకుని వస్తే, అక్కడ ఇంకేదో ముందే నిలబడి ఉంది. నోట్లో తిప్పుకున్న మూడక్షరాలూ ఎటు పోయాయో తెలియదు.

"కాదండీ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "మీ మూడో పెట్టెలోకి వచ్చాయి. ఏడు చూశాను."

"మీ కళ్ళజోడు మార్పించుకోండి. మా మూడో పెట్టె ఈగలు పొద్దస్తమానం పుప్పొడిలో పొర్లాడతాయి. అదే చూసి ఉంటారు."

"పుప్పొడికీ పిండికీ తేడా తెలియదా నాకు? అవి మీవేనంటున్నాను!"

"మీవేనంటే వినరేంటి!"

"మీవి!"

"మీవి!"

ఇంతకుముందు నావి నావి అని ఎంత గట్టిగా అరిచామో, ఇప్పుడు మీవి మీవి అని అంతకన్నా గట్టిగా అరిచాం. పాల వ్యానతను తల పట్టుకున్నాడు. లారీ డ్రైవరు వెళ్ళి పరుపుల మీద పడుకున్నాడు. రూళ్ళకర్ర ఫారంలో పేరు రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి, మళ్ళీ కొట్టేశాడు.

"ఇద్దరూ మావే అంటే దానికి రూలుంది. ఇద్దరూ మావి కాదంటే లేదు," అన్నాడు ఏడుపు గొంతుతో.

"రుజువు కావాలా? వీళ్ళ పెట్టె గుమ్మం పలక మీద పిండి ఉంది. పోయి చూసుకో," అంది వియ్యపురాలు.

రూళ్ళకర్ర మా ఇంటికెళ్ళి చూసొచ్చాడు. "ఉంది. తెల్లగా ఉంది," అని రాసేశాడు. అటు వాళ్ళ పలకలు కూడా చూడమని నేనంటే, తన అధికారం గీత దాకానే అన్నాడు. నేనేమో అయోమయంలో పడ్డాను. నిజంగానే నా కళ్ళు మసకబారాయా? మూడో పెట్టె మీద చూసింది పుప్పొడేనా?

వియ్యపురాలు ఆలోచించుకునే వ్యవధి ఇవ్వకుండా, ఖాళీ గ్లాసుతో మైదానం నుంచి తిరిగొచ్చిన మా అమ్మాయి వైపు తిరిగింది. "అమ్మాయ్, మీ నాన్నగారి పెట్టె పట్టుకురా. ఎండలో ఆరబెట్టి ఉంది చూడు, మైనం రాసింది." అమ్మాయి పరిగెత్తింది. పెట్టె వచ్చాక, నన్ను భుజం పట్టి గేటు స్తంభం మొదట్లో నిలబెట్టింది. "ఇక్కడ పెట్టండి. మూత తియ్యండి. ఆ, అలా." రూళ్ళకర్ర వైపు తిరిగింది. "ఇప్పుడు గేటెత్తు నాయనా. మెల్లిగా."

"నేనా? కుడితే?"

"ఫారంలో రాసుకో. ఎత్తు!"

ఆయన కళ్ళు మూసుకుని తాడు లాగాడు. కొయ్య కొస అటువైపు కొక్కెంలోంచి లేచింది. కొయ్య నిలువయ్యే కొద్దీ ఇరవై వేల ఈగల గుత్తి జరజరా కిందికి, మొదలు వైపుకి, మా వైపుకి జారింది. జారి జారి, స్తంభం దగ్గర ఒక్కసారిగా ధబ్బుమని మా ఆయన పెట్టెలో పడింది. రాణి కూడా వాటితోనే పడినట్టుంది, పైన మిగిలినవన్నీ వెనకాలే బారులు తీరి లోపలికి నడిచాయి. నేను మూత వేశాను. చప్పుడు కాలేదు.

పాల వ్యాను ఇటొచ్చింది, పరుపుల లారీ డ్రైవరును లేపి అటు పంపించారు. రూళ్ళకర్ర ఫారం పూర్తి చేశాడు. 'ఇవతలి పశువు. ఇరవై వేలు. కొమ్ములు వెనక.'

పెట్టెను పెరట్లోకి చేర్చి, పాత పెట్టె పక్కన పెట్టాను. అప్పుడు చూశాను పాత పెట్టె గుమ్మం పలకను. పిండి ఉంది, నిజమే. కానీ ఈగ కాళ్ళకంటుకుని రాలితే పిండి అలా ఉండదు. కూరలో ఉప్పు వేసినట్టు, మూడు వేళ్ళతో తీసి చల్లినట్టుంది. పలక అంచున బొటనవేలి ముద్ర కూడా ఉంది. మూత తీసి చూస్తే పాత పెట్టెలో ఈగలు నిన్నటిలాగే కిక్కిరిసి ఉన్నాయి. ఒక్కటీ లేచి వెళ్ళలేదు. పక్కన ఆయన పెట్టె ఉన్న చోట ఎండలో నలుచదరంగా మచ్చ, దాని ముందు పీట. ఆవిడ ఆ పీట మీద కూర్చుని ఎంతసేపు ఆ ఖాళీ పెట్టె వంక చూసిందో మరి. పీట మీద నేనూ కూర్చున్నాను. ఏడుపు వచ్చింది. ఈసారి అడ్డం రావడానికి గేటు లేదు, తీరిగ్గా ఏడ్చాను.

మర్నాడు పొద్దున ఆరింటికి గేటు తెరిచే వేళకే వెళ్ళి నిలబడ్డాను. ఆవిడ చెంబెడు పాలు పట్టుకుని వస్తూ దూరం నుంచే మొదలుపెట్టింది.

"ఏం వదినగారూ, గెలిచారుగా! అయ్యో, నా పొగడబ్బా పోయిందే!"

నేను గేటు మీదుగా పొగడబ్బా ఆవిడ చేతిలో పెట్టాను. దీనికి ప్రాణం లేదు, కాగితం అక్కర్లేదని రూళ్ళకర్రకు ముందే చెప్పాను. ఆవిడ నవ్వు ఆగిపోయింది. తాడు చుట్టిన పిడి వంక చూసింది, నా వంక చూసింది.

"ఇదేంటండీ? రెండో పెట్టె నిండిందిగా?"

"నిండింది. మీ గిన్నెలో పిండి మాత్రం మూడు వేళ్ళకు పట్టినంత తగ్గింది."

ఆవిడ పిడి మీది తాడును బొటనవేలితో ఒకసారి సవరించింది.

"మరి ఇది నా దగ్గరుంటే, మీ పెట్టెలు తెరవాల్సొచ్చినప్పుడల్లా నేనే మోసుకు రావాలన్నమాట."

"రండి," అన్నాను. "మీ ఈగలు ఎలా ఉన్నాయో చూసుకోవద్దూ?"

ఆవిడ చెంబు కింద పెట్టి, పొగడబ్బా చంకన పెట్టుకుని, గేటు ఎత్తేదాకా ఆగకుండా కింది నుంచి దూరి ఇటొచ్చేసింది. వెనకాల నుంచి రూళ్ళకర్ర పాసు చూపించమని అరుస్తూనే ఉన్నాడు.